ఎడమ తుంటి మీది వాత

2017 ఏప్రిల్‌లో నేను కెనడాలో, రెజైనాలోని ఒక ఆర్ట్ గ్యాలరీలో సీనియర్ కన్సర్వేటర్‌గా ఉన్నాను. ప్రెయిరీ గడ్డిభూముల్లో పశువులు పెంచే రాంచ్ జీవితం మీద మరుసటి ఏడాది పెట్టబోయే ప్రదర్శన కోసం మా సేకరణలోని కొన్ని చిత్రాలను పరిశీలించి సిద్ధం చేసే పని ఆ నెలలో నాకు అప్పగించారు. కన్సర్వేటర్ అంటే బొమ్మలకు మెరుగులు దిద్దే మనిషి అని చాలామంది అనుకుంటారు. మా పని అది కాదు. చిత్రకారుడి చేతి నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టు నిలబెట్టడం, పాడవుతున్నదాన్ని ఆపడం. రంగు రాలిపోయిన చోట మాత్రమే మేము కుంచె పెడతాం. అది కూడా తరువాత వచ్చేవాళ్లు తేలిగ్గా తీసేయగలిగే రంగుతోనే. అసలు రంగు ఉన్నచోట, అది ఎంత చెడ్డగా ఉన్నా, మా కుంచె తగలకూడదు.

నేను గుంటూరులో కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి, ఒంటారియోలో ఈ విద్య నేర్చుకున్నాను. మావారు రెజైనాలో పాఠాలు చెప్పేవారు. ఈ పని అప్పగించడానికి ముందు చలికాలంలో ఆయన పోయారు.

ప్రదర్శనకు ఎంచిన వాటిలో ఒక పెద్ద నూనెరంగుల చిత్రం ఉంది. వసంతంలో దూడలకు యజమాని గుర్తు వాతలు వేసే రోజు. వెనక పొగ, గుర్రాల మీద ఇద్దరు, ఇనుము పట్టుకుని వంగిన ఒక మనిషి. ముందు ఎడమ అంచున ఒక ఎర్రావు, తన దూడ కోసం చిత్రం లోపలికి చూస్తూ నిలబడి ఉంది. దాని తుంటి మీద వాత స్పష్టంగా ఉంది. అరచంద్రం, దాని కింద అడ్డగీత. ఆ వాతను చాకుతో మందంగా పెట్టిన రంగుతో వేశారు. వేలితో తడిమితే తగిలేంత ఎత్తు. కింద సంతకం ఎస్ అన్న ఒక్క అక్షరం, పక్కన ఒక స్కాండినేవియన్ ఇంటిపేరు. మా రికార్డుల్లో చిత్రకారిణి అనీ, మా సస్కాచ్వాన్ రాష్ట్రపు నైరుతి కొండల దగ్గర రాంచ్‌లో ఉంటారనీ ఉంది. అంతకు మించి నాకు తెలియదు.

చిత్రకారులు బతికి ఉంటే వాళ్లను కలిసి, కాన్వాసుకు అడుగుపూత ఏది వేశారు, నూనెలో ఏం కలిపారు అని అడిగి రాసుకోవడం మా పద్ధతి. అందుకోసం ఫోన్ చేసి, నా పేరు చెప్పి, ఇంగ్లిష్‌లోనే విషయం వివరించాను. అంతా విని ఆవిడ తెలుగులో అడిగారు.

"కరుణ అంటే... ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"మాది నరసాపురం పక్కనండీ. సుగుణని. చాలా ఏళ్లయిందిలెండి. తెలుగు తుప్పు పట్టిపోయింది, నవ్వుకోకండేం."

ఆవిడ నర్సుగా ఈ దేశం వచ్చారు. కొండల దగ్గరి చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. కాలు విరిగి అక్కడ చేరిన డేల్ అనే రాంచర్‌ని పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక చలికాలాల్లో తోచక బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఇదంతా ఆవిడ ఫోన్‌లోనే చెప్పేశారు. చివర, రండి, చేపల పులుసు పెడతాను, ఫ్రోజెన్ చేపలే అనుకోండి, అన్నారు.

మావారు ఉన్నప్పుడు ఇలాంటి ప్రయాణాల్లో ఆయనే డ్రైవ్ చేసేవారు. పక్క సీట్లో కూర్చుని నేను ఏదో ఒక పుస్తకం పైకి చదివేదాన్ని. ఈసారి డ్రైవ్ చేయాల్సింది నేనే కాబట్టి పుస్తకం తీసుకెళ్లలేదు. ఆ దారి పొడవునా చెప్పుకోదగ్గ ఊళ్లు లేవు. దున్నని నేల, కంచె, ఆకాశం. రేడియో పెట్టి, మళ్లీ కట్టేశాను.

సుగుణగారు అప్పటికి రాంచ్‌లో లేరు. డేల్ పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. నేలను డేల్ బాబాయి కొడుకు వెర్న్ వాళ్లబ్బాయి కొన్నాడు. పశువులను వేలంలో అమ్మేశారు. ఆవిడ పక్క ఊళ్లో, వయసు మళ్లినవాళ్ల కోసం కట్టిన వరుస ఇళ్లలో ఒకదానిలో ఉంటున్నారు. తెల్లజుట్టు, డెనిమ్ చొక్కా, మెడలో సన్నటి శిలువ. తలుపు తీసినప్పుడు నా ముఖం వైపు కాకుండా నా భుజం వైపు చూస్తూ పలకరించారు. కొత్తదనం వల్ల అనుకున్నాను. కాఫీ పోసేటప్పుడు కూడా కప్పును సూటిగా చూడలేదు. అప్పుడు అర్థమైంది. ఆవిడకు చూపు నడుమ పోతోంది. రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు. ఎడమ కంటికి అప్పటికే మధ్యలో మచ్చ. కుడి కన్ను ఇంకా పనిచేస్తోంది. దేన్నయినా చూడాలంటే దాని పక్కకు చూడాలి, అప్పుడే అది అంచులో కనబడుతుంది, అని ఆవిడే చెప్పారు.

నేను నా ప్రశ్నలు అడిగాను. ఆవిడ అన్నిటికీ నిదానంగా సమాధానం చెప్పారు. ఏ ఏడాది వేశారు, ఏ నూనె వాడారు, పైన వార్నిష్ వేయలేదని. అంతా అయ్యాక ఆవిడ నన్ను ఒకటి అడిగారు. ఆ బొమ్మలో ఆవు తుంటి మీద బ్రాండ్, అంటే ఆ వాత, తప్పు. తానే వచ్చి దిద్దుతానని.

ఇక్కడ వాతల సంగతి కొంచెం చెప్పాలి. పశ్చిమ కెనడాలో వాతలను ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేస్తారు. గుర్తు ఒక్కటే కాదు, అది ఒంటి మీద ఎక్కడ ఉండాలో కూడా రిజిస్టర్ అవుతుంది. ఎడమ తుంటి, కుడి తుంటి, ఎడమ భుజం, ఇలా. ఒకే గుర్తు ఎడమ తుంటి మీద ఉంటే ఒకరి పశువు, కుడి తుంటి మీద ఉంటే వేరొకరిది. డేల్ తండ్రి, వెర్న్ తండ్రి అన్నదమ్ములు. వేరుపడ్డప్పుడు ఇద్దరూ ఆ అరచంద్రాన్నే ఉంచుకున్నారు. ఎడమ తుంటి డేల్ వాళ్లకు, కుడి తుంటి వెర్న్ వాళ్లకు వచ్చాయి.

సుగుణగారు ఆ బొమ్మ వేసేటప్పుడు ముందుగా గీసుకున్న స్కెచ్‌లో ఆవు ముఖం ఎడమకు ఉండేది. ఎడమ అంచున ఉన్న ఆవు ఎడమకే చూస్తే చూసేవాళ్ల కన్ను చిత్రం దాటి బయటికి పోతుంది. చిత్రకారులందరికీ తెలిసిన సంగతే. అందుకని ఆవును కుడివైపుకు తిప్పారు. తిప్పినప్పుడు దాని ఒంటితో పాటు వాత కూడా తిరిగింది. ఇప్పుడు మనకు కనబడేది ఆవు కుడి పక్క. వాత కుడి తుంటి మీద పడింది.

"డేల్ బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూశాడండీ. చూసి, 'మంచి ఆవు, సూ. వెర్న్‌ది' అన్నాడు." సుగుణగారు నవ్వారు. "నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు దిద్దేస్తానన్నాను. వద్దన్నాడు. దిద్దేస్తే నాకు నవ్వుకోడానికేం మిగులుద్ది అన్నాడు. తరవాత మీ గ్యాలరీవాళ్లు కొన్నారు కదా. ఇంక ఎవరొచ్చినా అదే కథ. మా ఆవిడ నా మందనంతా వెర్న్‌కి రాసిచ్చేసింది, గవర్నమెంటు గోడ మీద సాక్ష్యం కూడా ఉంది, అని."

కప్పు బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగారు.

"ఆయన ఉన్నన్నాళ్లూ అది జోకేనమ్మా. ఇప్పుడు నేల వెర్న్ వాళ్లది. పశువులు ఎక్కడికి పోయాయో తెలీదు. ఆయన మంద అంటూ ఉన్నది ఆ బొమ్మలోనే. అందులో కూడా ఆయనది కాదంటే ఎలాగ?"

నేను మా నియమం చెప్పాను. సేకరణలోకి వచ్చాక చిత్రాన్ని దాని చిత్రకారుడు కూడా ముట్టుకోకూడదు. అది ఆ ఏడాది అలా వేశారన్నదానికి సాక్ష్యం. తమ చిత్రాల దగ్గరికి దొంగచాటుగా కుంచె తెచ్చి దిద్దిన చిత్రకారుల కథలు మా వృత్తిలో చాలానే చెప్పుకుంటారు, వాళ్లని ఎలా పట్టుకున్నారో కూడా. ఆవిడ తల ఊపారు. నర్సులకు నియమాలు చెప్పాల్సిన పనిలేదు.

బయల్దేరే ముందు మావారు పోయిన సంగతి చెప్తే, మీ ఆయన కూడా ఇలాగే జోకులేసేవారా, అని అడిగారు. వేసేవారు కాదు సుగుణగారూ, వినేవారు, అన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఒక విషయం నాకు పదేపదే తట్టింది. చిత్రకారుడు దిద్దకూడదన్నది నియమం. కానీ మేము వాడే పద్ధతి ఒకటుంది. అసలు రంగు మీద, కావలసిన చోట మాత్రమే, రెజిన్ అనే జిగురుతో సన్నటి పారదర్శకమైన పొర పూస్తాం. అసలు రంగుకు, పైన వేసేదానికి మధ్య అది గోడలాగా నిలుస్తుంది. దాని పైన వేసే రంగులు కూడా ఎన్నేళ్లయినా తేలికపాటి ద్రావకంతో దూదిపుల్ల పెట్టి తుడిస్తే వచ్చేసేవే. ఆ పొర మీద చిత్రకారిణి తన చేత్తో దిద్దితే అసలు చిత్రం కింద చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్తది కావాలంటే ఉంటుంది, వద్దంటే పోతుంది. ఇలాంటిది మా గ్యాలరీలో అంతకు ముందు జరగలేదు. ప్రతిపాదన రాసి పంపాను.

మా వృత్తిలో మెట్లు చాలా ఉంటాయి. కన్సర్వేటర్ ప్రతిపాదిస్తుంది, ప్రదర్శనలు కూర్చే క్యురేటర్ అభిప్రాయం రాస్తుంది, సేకరణల కమిటీ నిర్ణయిస్తుంది. మా క్యురేటర్ తెలివైన మనిషి, నాకంటే చాలా చిన్నది. ఆమె ఒప్పుకోలేదు. తప్పు వాత కూడా ఆ చిత్రం చరిత్రేననీ, ఒక వలస వచ్చిన స్త్రీ తన చుట్టూ ఉన్న లోకాన్ని నేర్చుకుంటున్న దశ అందులో కనబడుతుందనీ ఆమె వాదన. ఆ వాదనలో నిజముంది. ఆవిడ నేర్చేసుకుని చాలా ఏళ్లయింది, ఆ సంగతి గోడ మీద ఎక్కడుంది, అని నేను అడిగాను. ఆమె నవ్వి, ఇది మంచి పాయింటే కానీ కమిటీకి చెప్పు, అంది.

కమిటీ వేసవిలో కూర్చోలేదు. సెప్టెంబరులో కూర్చుని న్యాయ సలహా కావాలంది. చిత్రకారిణికి తన కృతి మీద ఉండే హక్కు ఎంతవరకు, సొంతదారు హక్కు ఎక్కడ మొదలు, అని చర్చ. సుగుణగారు ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా తేలలేదని చెప్పేదాన్ని. పర్లేదమ్మా, ఆవుకేం తొందర, అనేవారు. మంచు పడ్డాక ఒకసారి ఫోన్ చేసి, కుడి కంట్లో కూడా మచ్చ పడిందని చెప్పారు. ఆ మాట నేను కమిటీకి రాశాను. దాని వల్లనో, న్యాయ సలహా వచ్చినందువల్లనో, ప్రదర్శనకు కొంచెం ముందుగా అనుమతి వచ్చింది. షరతు ఒక్కటే. కుంచె చిత్రకారిణి చేతిలోనే ఉండాలి.

ఆవిడను చర్చి స్నేహితురాలు కారులో దించి వెళ్లింది. చిత్రాన్ని ల్యాబ్‌లో ఈజిల్ మీద పెట్టి, తుంటి భాగానికి రెజిన్ పొర ముందే వేసి, ఆరనిచ్చి ఉంచాను. ఆవిడ కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ముఖం తిప్పి చూశారు. ఆవు కనబడుతోంది, బ్రాండ్ కనబట్టం లేదు, అన్నారు. సూటిగా చూసిన చోట ఆవిడకు ఏమీ లేదు.

"నువ్వే వేసెయ్యమ్మాయ్. నేను పక్కనుంటాగా. ఎవరికి తెలుస్తుంది?"

"నేను వేస్తే అది చెరపడం అవుతుంది సుగుణగారూ. మీరు వేస్తేనే దిద్దడం."

ఆవిడ చొక్కా చేతులు మడుచుకున్నారు.

దిద్దడం అంటే ఏమిటో అప్పటికి ఇద్దరికీ తెలుసు. వాతను ఇంకోచోట వేయడానికి వీల్లేదు. ఆవు కుడి పక్కే కనబడుతోంది, డేల్ వాత ఎడమ పక్కన ఉంటుంది. సరిగ్గా దిద్దితే ఆ చిత్రంలో ఆయన గుర్తు కనబడకుండా పోతుంది. ఏప్రిల్‌లో అడిగినప్పుడే ఆవిడకు ఈ సంగతి తెలుసు. రాంచ్‌లో అన్నేళ్లు బతికిన మనిషి. నాకు మాత్రం రెజిన్ పూస్తున్నప్పుడు తట్టింది.

రంగు నేను కలిపాను. కాల్చిన ఎర్రమట్టి రంగు, కొంచెం నలుపు, వెలుగు పడే చోటికి కొంచెం పసుపు. నూనెరంగులతో అలవాటైన చేతికి ఈ రెజిన్ రంగులు కొత్త. ఇదేంటమ్మా గోళ్లరంగులాగా ఆరిపోతోంది, డేల్ చూసుంటే నవ్విపోయేవాడు, అన్నారు. తరువాత ఎడమచేతి చూపుడువేలు చాచి, ముట్టుకోవచ్చా, అని అడిగారు. మామూలుగా ఎవరినీ ముట్టనివ్వం. రెజిన్ పొర ఉంది కాబట్టి సరేనన్నాను. ఆవిడ వేలు తుంటి మీద మెల్లగా జరిగి అరచంద్రం అంచు దగ్గర ఆగింది. నర్సులు నరం వెతికినట్టే వెతికారు.

"చలికాలం జుట్టు పెరిగిపోతే బ్రాండ్ కనబడదు తెలుసా. డేల్ ఇలాగే చేత్తో తడిమి, ఇది మనదే అనేవాడు."

వేలు గుర్తు దగ్గర ఉంచి, కుడిచేత్తో కుంచె పెట్టారు. చెయ్యి ఆనించుకోడానికి అడ్డంగా కర్ర అమర్చాను. పక్కన నిలబడి, కొంచెం కిందికి, ఇంకొంచెం, అక్కడ చాలు, అని చెబుతూ పోయాను. అంతకు మించి నేనేం చేయలేదు. ఆవిడ ముఖం కిటికీ వైపు ఉంది, కుంచె మాత్రం ఆవు మీద ఉంది. ముందు అడ్డగీత పోయింది. అరచంద్రం సగం మీద రంగు పడ్డాక ఆగారు. అలసిపోయారేమో, కాసేపు ఆపుదామా అన్నాను. ఆవిడ కుంచెను మళ్లీ రంగులో ముంచి మిగతా సగం కప్పేశారు.

తరువాత అడిగారు, ఉందా కింద, అని.

ఉందని చెప్పాను. దీపాన్ని పక్క నుంచి, కాన్వాసుకు దాదాపు ఆనించి వేసి చూడటం మా పరీక్షల్లో ఒకటి. గీతలు, గట్లు నీడ పడి బయటపడతాయి. అలా వేసి చూస్తే రంగు కింద అరచంద్రం గట్టు ఇంకా తెలుస్తోంది. మామూలు వెలుతురులో తెలియదు. ఆ సంగతి ఆవిడకు చెప్పి, గట్టు కూడా తెలియకుండా చుట్టూ కొంచెం మందంగా వేద్దామా అని అడిగాను.

"వద్దులే. ఆ మాత్రం వెర్న్‌కి ఉండనీ."

ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వు ముందు ఆగిపోయింది.

ప్రదర్శన మొదలైన రోజు ఆవిడ వచ్చారు. చిత్రం పక్కన క్యురేటర్ ఒక చిన్న పలక పెట్టించింది. తుంటి భాగాన్ని చిత్రకారిణి స్వయంగా తరువాత దిద్దారని, అసలు రంగు కింద భద్రంగా ఉందని. మొదట ఒప్పుకోనిది ఆమే, ఆ పలక మాటలు శ్రద్ధగా రాసిందీ ఆమే. రాంచ్‌ల నుంచి వచ్చిన ఒకరిద్దరు ఆవు ముందు ఆగి, బ్రాండ్ ఏది, అని అడిగారు. అటుపక్క ఉంది, అని సుగుణగారు ప్రతిసారీ చెప్పారు. వాళ్లు తల ఊపి ముందుకు వెళ్లారు. వాళ్లకు అంతకు మించి వివరణ అక్కర్లేదు.

ఆ తరువాత ఆవిడ బొమ్మలు వేయలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏదన్నా చదివి వినిపించమనేవారు. తెలుగు పుస్తకం ఏదైనా పర్లేదు, నాకు సగం అర్థం కాకపోయినా చదువు, అనేవారు. పక్క సీట్లో కూర్చుని చదివిన అలవాటు నాకు ఉంది కాబట్టి చదివేదాన్ని. ఆవిడ మధ్యలో ఏమీ అడిగేవారు కాదు. కొన్నిసార్లు లైన్ కట్ అయిందేమోనని నేనే ఆగి, ఉన్నారా అని అడిగేదాన్ని.

ఈ ఉదంతం నాకు నేర్పింది సాంకేతికమైన విషయం కాదు. రెజిన్ పొర సంగతి మాకు ముందే తెలుసు. మా వృత్తి శతాబ్దాల లెక్కలో ఆలోచిస్తుంది. చిత్రానికి తొందర లేదు, అందుకని మాకూ తొందర ఉండదు. ఆ నిదానం చాలా చిత్రాలను కాపాడింది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏప్రిల్‌లోనే అనుమతి వచ్చి ఉంటే ఆవిడ కుడి కంటితో చూస్తూ ఆ వాతను తీసేసి ఉండేవారు. మేము ఆగిన నెలల్లో చిత్రానికి ఏమీ కాలేదు. ఆ తరువాత, పదవీ విరమణ వరకు, చిత్రకారులు బతికి ఉన్న పని ఏది వచ్చినా, దాని పరిస్థితి ఎంత బాగున్నా, దాన్నే నా బల్ల మీద ముందు పెట్టుకున్నాను.